ఎక్కడ తవ్వాలి? నేలలో ఇంకిన పెట్రోలు వెంట నాలుగు దశాబ్దాలు

నేలలో పాతిన పెట్రోలు ట్యాంకు కారుతోందన్న అనుమానం వస్తే, ఇవాళ అనుభవజ్ఞుడైన భూగర్భ జల నిపుణుడు డ్రిల్లింగ్ యంత్రాన్ని పిలవడానికి ముందే కాగితం మీద ఒక ఊహాచిత్రం గీసుకుంటాడు. ట్యాంకు కింద ఏ మట్టి ఉంది, నీరు ఎంత లోతున ఉంది, ఏ దిక్కుకు కదులుతోంది, ఆ దిక్కున తాగునీటి బావి ఉందా అన్నవి అందులో ఉంటాయి. ఈ క్రమం సహజంగానే తోస్తుంది గాని, మొదట్లో జరిగింది దీనికి తలకిందులు: ముందు తవ్వకం, తర్వాత ఆలోచన.

సమస్యకు మూలం ఇనుములో ఉంది. అగ్నిప్రమాద భయంతో ట్యాంకులను భూమిలో పాతిపెట్టారు. వాటిలో చాలా భాగం తుప్పుకు ఏ రక్షణా లేని ఉక్కువి. కొన్ని దశాబ్దాలకు అవి చిల్లులు పడ్డాయి. ఇలాంటి ట్యాంకులను అదుపు చేయడానికి అమెరికా కాంగ్రెస్ 1984లో చట్టం సవరించింది. అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ 1988లో నిబంధనలు తెచ్చి, పాత ట్యాంకులను మెరుగుపరచడానికో, మార్చడానికో, మూసివేయడానికో 1998 డిసెంబరు 22 వరకు గడువిచ్చింది. ట్యాంకులు పైకి తీసిన కొద్దీ కింద తడిసిన మట్టి బయటపడింది, దానితోపాటే పరిశోధనల వెల్లువ వచ్చింది.

ఆ రోజుల్లో ప్రణాళిక అంటే తరచూ మూడు పరిశీలన బావులే. నీటి వాలు తెలియాలంటే కనీసం మూడు చోట్ల నీటిమట్టం కావాలి కాబట్టి ఆ సంఖ్య తప్పు కాదు. అక్కడితో పని అయిపోయిందనుకోవడమే తప్పు. నమూనాలు ప్రయోగశాలకు వెళ్లేవి, ఫలితాలు వారాల తర్వాత వచ్చేవి, అవి చాలవని తేలితే యంత్రం మళ్లీ రావాల్సి వచ్చేది.

బావి కూడా కొన్నిసార్లు తప్పుదోవ పట్టించేది. బావి నీరు తోడే పారదర్శకమైన సన్నని గొట్టాన్ని, అంటే బెయిలర్‌ను, తాడుతో దించి పైకి లాగితే నీటి మీద జానెడు పెట్రోలు తేలుతూ కనిపించవచ్చు, కానీ బయటి మట్టిలో అంత మందం ఉందని అర్థం కాదు. మట్టి రంధ్రాల్లో పెట్రోలు నీటితోనూ గాలితోనూ చోటు పంచుకుంటుంది. బావిలో ఆ అడ్డు లేనందున పోగుపడి, బరువుతో నీటిని కిందికి నొక్కుతుంది. నీటిమట్టం పెరిగినప్పుడు అదే పెట్రోలు మట్టిలో చిక్కుకుపోయి బావిలో మాయమవుతుంది, మట్టం తగ్గాక తిరిగి వస్తుంది. ఒక్క రుతువులో కొలిచి "తేలే పెట్రోలు లేదు" అని రాసిన నివేదికను నేనైతే నమ్మను.

1990లలో సన్నని గొట్టాన్ని నేలలోకి నెట్టి నమూనా తీసే పద్ధతి విస్తరించింది. ప్లాస్టిక్ తొడుగును నిలువునా కోసి తెరిస్తే బంకమట్టి మధ్య వేలెడు మందం ఇసుక పొర, అందులోనే ఘాటైన వాసన. కాలుష్యం నడిచే దారి అదే కావచ్చు. పొడవైన జల్లెడ గొట్టం దించిన బావిలో అలాంటి పొర నీరు శుభ్రమైన నీటితో కలిసి పలచబడిపోతుంది. ఏ రోజు ఫలితం ఆ రోజే చూసి మరుసటి బోరు ఎక్కడో నిర్ణయించుకునే వీలు అప్పటి నుంచే కుదిరింది.

ఇంతలో ప్రశ్న కూడా మారింది. మిన్నెసోటాలోని బెమిడ్జి దగ్గర 1979 ఆగస్టులో పైపులైను పగిలి దాదాపు 17 లక్షల లీటర్ల ముడిచమురు ఒలికింది. అమెరికా భూవిజ్ఞాన సర్వే 1983 నుంచి అక్కడ అధ్యయనం చేస్తూ, నేలలోని సూక్ష్మజీవులే చమురులోని హైడ్రోకార్బన్లనే పదార్థాలను తినేస్తున్నాయని చూపింది. కాలిఫోర్నియా ట్యాంకులపై 1995లో వచ్చిన లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల అధ్యయనం, చాలాచోట్ల పెట్రోలులోని విషపదార్థమైన బెంజీన్ కాలుష్యం సుమారు 250 అడుగులు దాటలేదని తేల్చింది. దాంతో ఎంత దూరం వెళ్లిందన్న ప్రశ్న పక్కన, అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నదీ చేరింది. దానికి జవాబు రావాలంటే ఏళ్ల తరబడి అవే బావుల్లో కొలవాలి.

కాలుష్యం ఎక్కువ దూరం పోదు, దానంతటదే తగ్గుతుందన్న ధీమా ఎక్కువ కాలం నిలవలేదు. పెట్రోలులో కలిపే ఎంటీబీఈ అనే రసాయనం నీటిలో సులువుగా కరుగుతుంది, మట్టికి అంటదు, సూక్ష్మజీవులకు ఓ పట్టాన లొంగదు. 1996లో శాంటా మోనికా నగరం దాని వల్ల ప్రధాన తాగునీటి బావులు మూసుకోవాల్సి వచ్చింది. భూగర్భ జలం పైభాగంలోనే వెతికితే చాలదని, ఒకే చోట వేర్వేరు లోతుల్లో నమూనాలు కావాలని ప్రణాళికల్లో రాయడం అప్పటి నుంచి ఎక్కువైంది.

నేలలోంచి భవనాల్లోకి చేరే పెట్రోలు ఆవిరి వంతు ఆ తర్వాత వచ్చింది. భవనానికీ కలుషిత నీటికీ మధ్య 6 అడుగుల శుభ్రమైన మట్టి (నీటి మీద పెట్రోలు తేలుతున్నచోట 15 అడుగులు) ఉంటే, ఆవిరి పైకి చేరేలోపే ఆక్సిజన్ ఉన్న మట్టిలో విరిగిపోతుందని 2015 నాటి అమెరికా మార్గదర్శకం లెక్క కట్టింది. పాత నివేదికలు "వాసన లేదు" అన్న ఒక్క ముక్కతో దాటేసిన పై మట్టిని ఇప్పుడు అడుగడుగునా నమోదు చేయాల్సి వస్తున్నది అందుకే.