తుంగ గడ్డి కాదు

వరి చేలో కలుపు తీసేవాళ్లు తుంగనీ గడ్డినీ ఒకే గాటన కట్టరు. మందుల కొట్టుకెళ్లినా ముందు అడిగేది అదే: పడింది గడ్డి జాతా, తుంగ జాతా, వెడల్పాకా? దాన్నిబట్టి మందు మారుతుంది. వృక్షశాస్త్రం లెక్కలోనూ గడ్డి, తుంగ రెండు వేరు కుటుంబాలు. గడ్డి కుటుంబం పోయేసీలో దాదాపు 12,000 జాతులుంటే, తుంగ కుటుంబం సైపరేసీలో 5,500 దాకా ఉన్నాయి.

తుంగ పూకాడను రెండు వేళ్ల మధ్య పెట్టి దొర్లించండి. సాఫీగా దొర్లదు, మూడు అంచులు తగులుతాయి. దానికి కణుపులు కనిపించవు, లోపల నిండుగా ఉంటుంది. ఆకులు మూడు వరుసల్లో వస్తాయి. గడ్డి కాడ గుండ్రం, కణుపులు స్పష్టం, ఆకులు అటొకటి ఇటొకటిగా రెండే వరుసలు. కణుపుల మధ్య బోలుగా ఉంటుందంటారు గానీ దాన్ని నమ్ముకుంటే దెబ్బతింటాం. వెదురు బోలే, కానీ అదే కుటుంబంలోని చెరకు, జొన్న లోపల నిండుగా ఉంటాయి. నన్నడిగితే కణుపునే నమ్మాలి.

అసలు చిక్కు వరిలో కలుపుగా మొలిచే ఊదతో. అదీ గడ్డే, వరీ గడ్డే. లేతగా ఉన్నప్పుడు పక్కపక్కన నిలబడితే కొత్తవాళ్లు వరినే పీకేస్తారు. ఆకు కాడను వదిలి పక్కకు వంగేచోట చూడాలి. వరికి అక్కడ పల్చటి పొర, వెంట్రుకలున్న చిన్న చెవులు ఉంటాయి. ఊదకు ఆ చోటు బోడి.

చెరువుల్లో పెరిగే జమ్మును జమ్ముగడ్డి అంటాం గానీ అది ఈ రెండిట్లో దేనికీ చెందదు, దాని కుటుంబం టైఫేసీ. మూడూ కలిసేది ఇంకో మెట్టు పైన, పోయేలీస్ అనే క్రమంలో. విచిత్రమేమంటే అనాస కూడా అక్కడిదే.

రెల్లు ఆకు వేలిని సర్రున కోస్తుంది కదా, దానికి కారణం ఆకులో పేరుకున్న సిలికా. ఇసుకలో ఉండేదీ అదే. పశువు కడుపులో అరగదు, మట్టిలో కుళ్లదు. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా పిస్దూరా దగ్గర రాయిగా మారిన డైనోసార్ల పేడ దొరికింది. అందులో గడ్డి సిలికా రేణువులు ఉన్నాయని 2005లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంతవరకూ డైనోసార్లు గడ్డి మేశాయనడానికి ఆధారమే లేదు. 2011లో ఆ పేడలోనే వరి తెగ ఆనవాళ్లూ బయటపడ్డాయి.