ఎల్‌కేజీ స్క్రీనింగ్‌లో తక్కువొస్తే పదో తరగతి పోయినట్టేనా?

ఏప్రిల్ వచ్చిందంటే నాకు ఒకటే ఫోన్లు. "మేడమ్, మా గుంటడు స్క్రీనింగ్‌లో వెనకబడ్డాడట, ఇంక సదువు రాదా ఏటి?" స్క్రీనింగ్ అంటే పిల్లల ఎదుగుదల ఎలా ఉందో పైపైన చూసే చిన్న పరీక్ష. శ్రీకాకుళంలో ఇన్నేళ్లుగా చిన్నపిల్లలతో పనిచేస్తున్నా, ఈ ప్రశ్న మాత్రం మారలేదు.

అపోహ: నాలుగేళ్ల స్కోరు చూసి పెద్దయ్యాక ఎలా చదువుతాడో చెప్పేయొచ్చు.

చెప్పలేం. లా పారో, పియాంటా అనే ఇద్దరు పరిశోధకులు 2000లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు కలిపి చూస్తే, బడికి ముందు పెట్టిన పరీక్షలు మొదటి తరగతుల చదువులో కనిపించే తేడాల్లో పావు వంతు చెప్పగలిగాయి, ప్రవర్తన దగ్గరకొచ్చేసరికి 10 శాతం లోపే. అదీ బోలెడుమంది పిల్లల సగటు లెక్క, మీ ఒక్క పిల్లాడి గురించి కాదు. పైగా నాలుగేళ్ల వయసులో 11 నెలల తేడా అంటే వాడి బతుకులో దాదాపు పావు వంతు, మరి జూన్‌లో పుట్టినోడినీ మరుసటి మేలో పుట్టినోడినీ ఒకే కాయితంతో కొలిస్తే ఎలగ?

పలాస వైపు నుంచి ఒకావిడ వచ్చింది, కళ్లనిండా నీళ్లు, చేతిలో 'నంబర్లు రావు' అని రాసిన పేపరు. పొద్దున్నా సాయంత్రం ట్యూషన్ పెట్టేసిందప్పటికే, నాలుగేళ్లోడికి! వాడేమో నా టేబుల్ కింద దూరిపోయాడు. నేనేమీ అడక్కుండా గుప్పెడు జీడిపిక్కలు నేలమీద పోశాను. కాసేపటికి బయటికొచ్చి అయిదేసి కుప్పలు పెట్టాడు, ఇరవై దాకా లెక్కెట్టి "ఇది పుచ్చిపోయింది" అని ఒకటి పక్కనెట్టాడు కూడాను. స్క్రీనింగ్‌లో వన్ టూ త్రీ అని ఇంగ్లీషులో అడిగారట, అదీ సంగతి.

అల్లరోడు పెద్దయ్యాక చదువులో తేలిపోతాడా? 2007లో డంకన్ అనే పరిశోధకుడి బృందం ఆరు పెద్ద సర్వేల డేటా చూసింది, బడిలో చేరేనాటి లెక్కలకి అన్నిటికన్నా ఎక్కువగా, ఆ తర్వాత చదవడానికీ ధ్యాసకీ, పై తరగతుల మార్కులతో సంబంధం కనబడింది, అల్లరికి పెద్దగా లేదు. ఇంకోటి, ఒకటో తరగతి సీటుకి పరీక్ష పెడితే అలా పెట్టకూడదని చెప్పే 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 13 చూపించండి.

అలాగని స్క్రీనింగ్ దండగ అనుకోకండి. మాట వినదని తిట్లు తినే ఒక పాపకి చెవిలో చీము, సగం మాటలు వినబడట్లేదు పాపం, అది బయటపడింది స్క్రీనింగ్‌లోనే. అంగన్‌వాడీకి ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ పథకం) టీమ్ వస్తుంది కదా, ఉచితమే, ఆ రోజు మాత్రం పిల్లని పెళ్లికీ పేరంటానికీ తీసుకుపోకండి.