ఎలుకకు తగ్గితే మనకూ తగ్గినట్టేనా? జంతు ప్రయోగాలపై అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో ఫార్మకాలజీ పాఠాలు చెప్పుకునేవాడిని. "ఎలుకల్లో క్యాన్సర్ మాయం" అని వాట్సాప్‌లో ఏదైనా తిరిగిందంటే చాలు, మా చుట్టాల ఫోన్లు మొదలవుతాయి. ఇంకోపక్క జంతు ప్రయోగాలన్నీ కంపెనీల నాటకం అని కొట్టిపారేసేవాళ్లు. ఇద్దరి కోసమూ రాస్తున్నా.

అపోహ: ఎలుకల్లో పనిచేసింది కాబట్టి రేపోమాపో మందు వచ్చేస్తుంది.

వాస్తవం: మనుషుల మీద ట్రయల్స్ దాకా వచ్చిన మందుల్లో పదింట తొమ్మిది మార్కెట్ మొహం చూడవు, అవన్నీ జంతువుల్లో పాసై వచ్చినవే. ల్యాబ్ ఎలుకలది ఒకే వంశం, ఒకే వయసు, ఒకే మేత, జబ్బు కూడా మనం తెప్పించిందే. పక్షవాతమే తీసుకోండి. ఆరోగ్యంగా ఉన్న కుర్ర ఎలుక మెదడులో రక్తనాళం మూసేసి, ఆలస్యం లేకుండా మందు ఎక్కిస్తారు. మన పేషెంటేమో అరవై దాటిన మనిషి, బీపీ, షుగరు, ఏళ్ల తరబడి చుట్ట అలవాటు, ఊరి నుంచి ఆటో దొరికి ఆసుపత్రికి చేరేసరికి సగం పూట గడిచిపోయి ఉంటుంది. ఎన్‌ఎక్స్‌వై-059 అనే పక్షవాతం మందు జంతువుల్లో భేషుగ్గా పనిచేసింది, 2006లో వచ్చిన మొదటి పెద్ద ట్రయల్ ఫలితాల్లో ఆశ చూపించింది, 2007లో ఇంకా పెద్ద ట్రయల్ చేస్తే ఏ ఉపయోగమూ కనబడలేదు.

అపోహ: అయితే ఈ ప్రయోగాలు శుద్ధ దండగ.

వాస్తవం: మన ఊళ్లల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన బోదకాలు మాత్ర డీఈసీ ఉంది కదా, అది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో ఉండగా ఆయన బృందం తెచ్చింది. కాటన్ ర్యాట్ అనే ఎలుకలో బోదకాలు పురుగుకు చుట్టమైన ఫైలేరియా జాతి పురుగు పెరుగుతుంది, దాని మీద చూసి పట్టుకున్నారు, 1947లో ప్రకటించారు. అది మనిషిలోనూ ఎందుకు పనిచేసిందంటే, మందు తగలాల్సింది పురుగుకు, ఎలుకకు కాదు. పెన్సిలిన్ కూడా అంతే, 1940లో ఆక్స్‌ఫర్డ్‌లో చిట్టెలుకల్లో చూశారు. అప్పుడు వాళ్ల చేతిలో గినీపిగ్‌లు ఉంటే ఏమయ్యేదో, ఎందుకంటే పెన్సిలిన్ వాటి పేగుల్లోని బ్యాక్టీరియాను తారుమారు చేసి ప్రాణం తీస్తుంది!

అపోహ: జంతువుకు ఏమీ కాలేదంటే మనకూ సేఫే.

వాస్తవం: ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం. 2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్1412 అనే మందును, కోతులు తట్టుకున్న డోసులో 500వ వంతు మాత్రమే ఆరుగురు ఆరోగ్యవంతులకు ఎక్కించారు. గంటల్లోనే ఆరుగురూ ఐసీయూ పాలయ్యారు. అదృష్టం కొద్దీ ప్రాణాలు దక్కాయి. ఆ మందు అతుక్కునే ప్రొటీన్ మనిషి తెల్లకణాల్లో ఒక రకం మీద ఉంటుంది, ఆ కోతుల్లో అదే రకం కణాల మీద లేదని తర్వాత తేలింది. అలాగని ఏమీ పట్టుకోవనీ కాదు. మనుషుల్లో హాని చేసిన 150 మందుల్ని తీసుకుని 2000లో లెక్క చూస్తే, రెండు రకాల జంతువుల పరీక్షలూ కలిపి 71 శాతం హానిని ముందే చూపించాయి, ఎలుక జాతి ఒక్కదాన్నే నమ్ముకుంటే 43 శాతమే. ఎలుకతో పాటు ఎలుక జాతి కాని ఇంకో జంతువులోనూ చూడమని సాధారణంగా అడిగేది అందుకే. ఎలుకకు అసలు వాంతి చేసుకోవడమే రాదు, ఇక కడుపులో తిప్పుతుందని మనకెలా చెబుతుంది?

డైక్లోఫెనాక్ కథ కూడా ఇలాంటిదే. మనమూ పశువులూ తట్టుకునే ఈ నొప్పి మందు, పశువుల కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలు పాడుచేసి వాటిని దాదాపు తుడిచిపెట్టేసింది, 2006లో పశువులకు వాడకుండా నిషేధించారు. మనం తట్టుకుంటామన్నాను కదా అని రోజూ మింగకండి, మన కిడ్నీలకూ అది మంచిది కాదు.

అపోహ: ఎలుక డోసును బరువుతో హెచ్చిస్తే మన డోసు.

వాస్తవం: కాదు. కిలోకి ఇంత అని ఎలుకకు ఇచ్చినదాన్ని సుమారు ఆరుతో భాగిస్తే మనిషికి కిలోకి ఎంతో వస్తుంది, మొదటి ట్రయల్‌లో అందులోనూ పదో వంతు దగ్గర మొదలుపెడతారు.

ఇక కిడ్నీ జబ్బుతో సతమతమవుతున్న మా ఉద్దానం సంగతి. కవిటి, సోంపేట వైపు వాళ్లు అడిగే మాట ఒకటే: "ఎలకల మీద సూసి ఓ మందు కనిపెట్టీవచ్చు కదేటి మాస్టారూ?" ఎలుక కిడ్నీ పాడుచేసే పద్ధతులు మా దగ్గర ఉన్నాయి. ఒక కిడ్నీ మొత్తం, రెండోదాంట్లో మూడింట రెండొంతులు తీసేస్తారు, లేదా మేతలో ఎడినైన్ అనే రసాయనం కలుపుతారు. అక్కడ కారణం మనకు తెలుసు. ఉద్దానంలో కారణమే తేలలేదు: నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చెమటోడ్చే పని అన్నారు, నొప్పి మాత్రలన్నారు. కారణం తెలియని జబ్బును ఎలుకలోకి ఎలా తెస్తాం? పైగా ల్యాబ్ ఎలుక బతికేదే రెండు మూడేళ్లు, ఏళ్ల తరబడి మెల్లగా ముదిరే జబ్బు దాంట్లో ఎక్కడ కనబడుతుంది? అనుమానం ఉన్న పదార్థాల్ని ఒక్కొక్కటిగా ఎలుకకు పెట్టి కిడ్నీలో ఏ భాగం దెబ్బతింటుందో చూడొచ్చు, అది పనికొచ్చే పనే. జబ్బు ఎవరికి, ఎప్పుడు, దేనివల్ల మొదలవుతుందో తెలియాలంటే మాత్రం జీడితోటల్లో పనిచేసేవాళ్లకు ఒంట్లో బాగున్నప్పటి నుంచే ఏటేటా కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేసి రాసుకుంటూ పోవాలి. పలాసలో 2023లో రీసెర్చ్ సెంటర్‌తో కలిపి 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు కాబట్టి, ఆ లెక్క రాయాల్సింది అక్కడే అని నా అభిప్రాయం.