కొర్రమీను, బూడిద, చెవిలో తీగ

మా పక్క వీధిలో బట్టలు కుట్టే ఆవిడకి రెండు చెవులూ వినపడవు. నలభై దాటాక మొదలై, పదేళ్లలో మొత్తం పోయింది. కుట్టు మెషిన్ పక్కనే రూళ్ల నోటు పుస్తకం ఒకటి పెట్టుకుంటారు. ఎవరికేం కావాలన్నా అందులో రాయాల్సిందే. జాకెట్టు కొలతల కింద "శుక్రవారానికి ఇస్తారా", దాని కింద "ఫాల్ కూడా వెయ్యండి", అలా నిండిపోయి ఉంటుంది. పోయిన నెల నేను ప్యాంటు పొట్టి చేయించడానికి వెళ్తే ఆ పుస్తకం నా చేతికిచ్చారు. ఈసారి ప్రశ్న ఆవిడదే. "మాస్టారూ, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ పెడతామన్నారు. దానికి ముందు నిమోనియా టీకా వేయించుకుని రమ్మన్నారు. చెవికీ నిమోనియాకీ ఏం సంబంధమండీ?"

ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పాను. ఇంత మంచి ప్రశ్న నాకు క్లాసులో ఎదురైన గుర్తు లేదు. పుస్తకంలో నాలుగు లైన్లు రాసిచ్చి వచ్చేశాను గానీ, తృప్తి కలగలేదు. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ఇంప్లాంట్ శబ్దాన్ని కరెంటుగా ఎలా మారుస్తుందన్న సంగతి జోలికి వెళ్లను, అది చాలామంది చెప్పారు. మనకి కావలసింది ఆ తీగ వెళ్లే దారి. అది చేరేది లోపలిచెవిలోని కాక్లియాకి. కాక్లియా అంటే లాటిన్‌లో నత్త. విశాఖ ఆర్కే బీచ్‌లో అమ్మే నత్తగుల్లలాగే రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది, కాకపోతే బఠాణీ గింజంతే. దాని లోపల నీరు ఉంటుంది. ఆ నీటికీ మెదడు చుట్టూ ఉండే నీటికీ మధ్య వెంట్రుకంత కాలువ ఒకటుంది. ఇటు చూస్తే, కాక్లియాకి ముందున్న మధ్యచెవి నుంచి ముక్కు వెనక భాగానికి ఒక గొట్టం ఉంది. జలుబు చేస్తే చెవులు దిబ్బడ వేసేది అందుకే. ఆ ముక్కు వెనకాలే న్యుమోకాకస్ అనే బాక్టీరియా చాలామందిలో ఏ హానీ చెయ్యకుండా కాపురం ఉంటుంది. నిమోనియాకి పేరుపడింది గానీ, చెవిలో చీము పట్టించేదీ, మెదడు పొరలకి వాపు తెచ్చే మెనింజైటిస్‌కి ముఖ్య కారణాల్లో ఒకటీ ఇదే. (దోమల వల్ల పిల్లలకి వచ్చే మెదడువాపు వేరు, దాని టీకా వేరు.)

ఇప్పుడు మధ్యచెవికీ కాక్లియాకీ మధ్య ఉన్న గోడలోంచి తీగ దూర్చాలి. ఇంటి గోడకి కన్నం పెట్టి కేబుల్ లాగితే మేస్త్రీ చుట్టూ సిమెంటు పూసినట్టు, సర్జన్ ఆ తీగ చుట్టూ కండపొరతో మూసేస్తారు. అయినా అక్కడ ఒక బయటి వస్తువు ఉండిపోయింది. ముక్కు నుంచి మధ్యచెవికి, మధ్యచెవి నుంచి లోపలిచెవికి, అక్కడి నుంచి మెదడుకి దారి కొంత సులువైంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఇంప్లాంట్ ఉన్నవాటికి మెనింజైటిస్ రావడానికి తక్కువ బాక్టీరియా సరిపోయింది.

ఇది 2002లో బయటపడింది. ఒక రకం ఇంప్లాంట్‌లో తీగని లోపలి గోడకి ఆనించడానికి చిన్న సిలికాన్ చీలిక లాంటిది కూడా దూర్చేవారు. అది ఉన్నవాళ్లలో మెనింజైటిస్ కేసులు ఎక్కువగా కనబడి, ఆ ఏడాదే దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. 2003లో అచ్చయిన అమెరికా అధ్యయనంలో, ఇంప్లాంట్ పెట్టిన 4,264 మంది చిన్నపిల్లల్ని పరిశీలిస్తే న్యుమోకాకస్ మెనింజైటిస్ మామూలు పిల్లల కంటే 30 రెట్లకు పైగా కనిపించింది. ఆ చీలిక లేనివాళ్లలోనూ ఎంతో కొంత ముప్పు మిగిలింది. అయినా వచ్చేది కొద్దిమందికే, భయపడి ఆపరేషన్ మానుకోవాల్సిన పని లేదు. కానీ టీకాతో చాలావరకు తప్పించగల జబ్బుని తప్పించకపోవడం అన్యాయం. అప్పటి నుంచి పిల్లలకీ పెద్దలకీ కూడా ఇంప్లాంట్‌కి ముందు ఈ టీకా వేయించమని చెబుతున్నారు.

నాకు అసలు ఇష్టమైన సంగతి ఇక్కడి నుంచే మొదలవుతుంది.

పూర్ణా మార్కెట్‌లో కొర్రమీను కోయించుకుంటే చూశారా? బతికున్న కొర్రమీను ఒళ్లంతా జిగురు. చేత్తో పట్టుకుంటే సబ్బుబిళ్లలా జారిపోతుంది. చేపలమ్మే ఆవిడ పక్కనున్న డబ్బాలోంచి గుప్పెడు బూడిద తీసి తల నుంచి తోక దాకా పులుముతుంది. అంతే, చేప చేతిలో నిలిచిపోతుంది, ఇక కత్తిపీట మీదకే. "బూడిద లేపోతే సేతికి దొరకదు బాబూ" అని ఒకావిడ నాతో అన్నమాట. ఇమ్యునాలజీలో, అంటే రోగనిరోధక శాస్త్రంలో, ఒక అధ్యాయం ఆ వాక్యంలో ఉంది.

న్యుమోకాకస్ కూడా అంతే. దాని ఒంటి చుట్టూ చక్కెర గొలుసులతో అల్లిన జిగురు పొర ఉంటుంది. దాన్ని మింగాల్సిన తెల్లరక్తకణానికి పట్టు దొరకదు. బాక్టీరియాకి అతుక్కుని తెల్లకణానికి పట్టు ఇచ్చే కాంప్లిమెంట్ ప్రొటీన్లు మన రక్తంలో ఉన్నాయి. అవి పొర కిందకి వెళ్లి అతుక్కున్నా, లోపలే ఉండిపోవడంతో తెల్లకణం చెయ్యి వాటికి అందదు. పొర పైన యాంటీబాడీలు అతుక్కుంటేనే పట్టు చిక్కుతుంది. యాంటీబాడీ అంటే బూడిద. టీకా పని ఆ బూడిద ముందే తయారు చేసి ఉంచడం.

ఇంటర్ బైపీసీ చదివిన ప్రతివాళ్లూ ఈ జిగురుని చూశారు, గుర్తుపట్టలేదంతే. 1928 నాటి గ్రిఫిత్ ప్రయోగం గుర్తు తెచ్చుకోండి. నున్నటి ఎస్ రకం ఎక్కిస్తే ఎలుక చచ్చిపోయింది, గరుకు ఆర్ రకం ఎక్కిస్తే బతికింది. ఆ బాక్టీరియా ఇదే, ఆ నునుపు ఈ జిగురే. దాన్ని డీఎన్ఏ కథకి మెట్టుగా వాడుకుని వదిలేస్తాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే చెప్పాను. ఎలుక ఎందుకు చచ్చిపోయిందని ఒక్క నిమిషం ఆగి అడిగితే, పిల్లలకి టీకాల పాఠం అక్కడే వచ్చేసేది.

చిక్కేమిటంటే, ఈ జిగురు వందకి పైగా రకాలు. మూడో రకానికి పనికొచ్చే బూడిద పంతొమ్మిదో రకానికి అంటదు. పైగా ఆ మూడో రకం మహా గడుసుది. దాని పొర మిగతావాటిలా ఒంటికి గట్టిగా కుట్టేసి ఉండదు, ఊడి వస్తుంటుంది. పులిమిన బూడిద జిగురుతో పాటే జారిపోతుంది. టీకాలో ఆ రకం ఉన్నా ఫలితం తక్కువగా ఉండడానికి ఇదొక కారణం.

టీకాల పేర్లలో కనబడే 13, 15, 20, 21, 23 అంకెలు ఈ రకాల లెక్కే. అంకె పెద్దదైతే టీకా గొప్పదనుకుంటే పొరపాటు. 23 రకాల టీకాలో ఉన్నది ఉత్త చక్కెర. యాంటీబాడీలు తయారు చేసే తెల్లకణాలైన బీ కణాలు దాన్ని చూసి తమ పని చేస్తాయి, కానీ వాటికి సాయపడే ఇంకో రకం తెల్లకణాలు, టీ కణాలు, చక్కెరని చదవలేవు, వాటికి ప్రొటీన్ ముక్కలే చదవడం వచ్చు. టీ కణం సాయం లేని బీ కణం హడావిడిగా కొంత బూడిద చేసి చచ్చిపోతుంది. పొయ్యి ఆరిపోతుంది. మిగతా నాలుగూ కాంజుగేట్ టీకాలు. చక్కెరకి ఒక ప్రొటీన్ అతికిస్తారు. ఆ ప్రొటీన్ డిఫ్తీరియా విషమే, కాకపోతే ఒక్క అమైనో ఆమ్లం మారి విషం పోయింది. బీ కణం చక్కెరని పట్టి లోపలికి లాక్కుంటే ప్రొటీన్ కూడా వెంట వస్తుంది. దాన్ని ముక్కలు చేసి పైకి తెచ్చి టీ కణానికి చూపిస్తుంది. టీ కణం చదివి సాయం చేస్తుంది. బీ కణాలు పెరుగుతాయి, యాంటీబాడీల పట్టు రోజురోజుకీ బిగుస్తుంది, కొన్ని బీ కణాలు జ్ఞాపకంగా ఏళ్ల తరబడి మిగులుతాయి. నివురు గప్పిన నిప్పు అంటామే, అచ్చంగా అది. పైన బూడిద, కింద నిప్పు. మళ్లీ ఊదితే మంట.

మరి నిప్పు ఉంటే చాలు కదా, ఆపరేషన్‌కి ముందే తొందరెందుకు? నిప్పు రాజుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. మెనింజైటిస్ గంటల్లో ముదురుతుంది. బూడిద అప్పటికే రక్తంలో ఉండాలి. అది తయారవడానికి సుమారు రెండు వారాలు. అందుకే ఆపరేషన్‌కి కనీసం రెండు వారాల ముందే టీకాలు పూర్తి కావాలంటారు.

వరస కూడా ఈ లెక్కతోనే అర్థమవుతుంది. ముందు కాంజుగేట్ వేసి నిప్పు పోగేస్తారు. 8 వారాలు ఆగి 23 వేస్తే, ఉన్న నిప్పుని ఊదినట్టవుతుంది, మొదటి టీకాలో లేని రకాలూ కలుస్తాయి. తిరగేసి ముందు ఉత్త చక్కెర వేస్తే, ఉన్న కొద్దిపాటి జ్ఞాపక కణాలు కూడా బూడిద చెయ్యడంలో ఖర్చయిపోతాయి, వాటి చోటు నిండదు. నిప్పు చెల్లాచెదురైనట్టే. అందుకే 23 ముందు పడ్డవాళ్లకి కనీసం ఏడాది ఆగి కాంజుగేట్ వేస్తారు.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పట్టికలో ఇంప్లాంట్ పెట్టించుకునే పెద్దలకి ఇప్పుడున్న దారులు రెండే. 20 గానీ 21 గానీ ఒక్క మోతాదు, దాంతో సరి. లేదా 15 వేసి, 8 వారాలకి 23. మన దగ్గర ఎన్నాళ్లుగానో వాడుకలో ఉన్న జత 13, తర్వాత 23. జతలో వెళ్తే 8 వారాలు, ఆపైన 2, మొత్తం పది వారాలు ముందుగా కదలాలి. ఒకవేళ మెనింజైటిస్ వల్లే చెముడు వచ్చి ఉంటే కాక్లియాలో ఎముక పెరిగి మూసుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి, డాక్టర్లు అంతకాలం ఆగరు. ఫ్లూ టీకా ఏటా వేయించుకోవాలి. మెనింజైటిస్ తెచ్చే వేరే బాక్టీరియాలకి వేసే హిబ్, మెనింగోకాకల్ టీకాలు ఇంప్లాంట్ కారణంగా పెద్దలకి అక్కర్లేదు. టీకా వేయించుకున్నా సరే, జ్వరంతో మెడ బిగుసుకున్నా, చెవిలో చీము కనబడినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఆవిడ ఇంట్లో ఇంకో టెన్షన్ నడుస్తోంది. మూఢం వెళ్లాక ఆపరేషన్ అంటారు పెద్దవాళ్లు. ఈలోగా చెవిలో వెల్లుల్లి నూనె కాచి పొయ్యమని ఇంకొకరు. నూనె మాత్రం వద్దని గట్టిగా రాశాను. చెవిపొరకి చిల్లి ఉంటే అది సరాసరి మధ్యచెవిలోకి దిగుతుంది. ముహూర్తం చూసుకోవడం మీద నాకు పేచీ లేదు, ఆ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టి టీకా తారీఖు కూడా రాసుకోమన్నాను.

ఇదంతా రాశాక నిన్న సాయంత్రం మళ్లీ వెళ్లాను. తన పాత ఆసుపత్రి ఫైలు తీసి చూపించారు. షుగర్ ఉందని రెండేళ్ల కింద ఒక టీకా వేశారట. కాగితం మీద అంటించిన చిన్న స్టిక్కరు, అంచులు పసుపురంగు తిరిగాయి. దాని మీద 23 అని ఉంది. నోటు పుస్తకం అందుకుని రాశాను: "ఏడాది దాటింది కాబట్టి ఇప్పుడు కాంజుగేట్ వేయించుకోవచ్చమ్మా. 20 దొరికితే ఒక్కటే చాలు. ఈ స్టిక్కరు డాక్టరుగారికి తప్పకుండా చూపించండి. టీకా అయ్యాక రెండు వారాలు ఆగి ఆపరేషన్." ఆవిడ రెండుసార్లు చదువుకుని, ఆ పేజీ చింపి, ఫైల్లో స్టిక్కరు ఉన్న కాగితానికి గుండుసూదితో గుచ్చారు.