చెక్ ఇంజిన్ లైట్, పెట్రోల్ ఆవిరి లీకు: మూత మారిస్తే సరిపోతుందా?

డల్లాస్ పక్కన ఒక రిపేర్ షాపులో పనిచేస్తాను. మనవాళ్ళ ఫోన్లు నాకు ఎక్కువగా రెండు సందర్భాల్లో వస్తాయి: రిజిస్ట్రేషన్ గడువు దగ్గర పడినప్పుడు, లేదా లాంగ్ డ్రైవ్‌కి ముందురోజు రాత్రి. "అన్నా, చెక్ ఇంజిన్ లైట్ వచ్చింది. పార్ట్స్ షాపులో ఫ్రీగా స్కాన్ చేసి పి0456 అన్నారు. గ్యాస్ క్యాప్ (పెట్రోల్ ట్యాంకు మూత) మార్చాను, అయినా పోలేదు." ఈ మాట ఎన్నిసార్లు విన్నానో!

పి0456 అనేది ఈవాప్ కోడ్, అంటే పెట్రోల్ ఆవిరిని బయటికి పోనీయని ఏర్పాటులో లీకు ఉందని. ముందు ఈ ఈవాప్ ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. ట్యాంకులో పెట్రోల్ ఎప్పుడూ ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి బయటికి పోతే ఎండలో ఓజోన్ తయారవడానికి కారణమవుతుంది. అందుకే 1970లో కాలిఫోర్నియాలో, 1971 నుంచి అమెరికా అంతటా కొత్త కార్లలో ఆ ఆవిరిని పట్టి ఉంచే ఏర్పాటు తప్పనిసరి చేశారు. బొగ్గు నింపిన క్యానిస్టర్ ఆవిరిని పీల్చుకుంటుంది. ఇంజిన్ నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటే ఆ ఆవిరి ఇంజిన్‌లోకి వెళ్ళి కాలిపోతుంది. క్యానిస్టర్‌కి బయటి గాలి వెంట్ వాల్వ్ గుండా అందుతుంది. కంప్యూటర్ అప్పుడప్పుడు ఈ రెండు దారులూ మూసేసి, లోపలి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూస్తుంది. నిలవకపోతే లైట్ వేస్తుంది.

అపోహ: లైట్ వచ్చిందంటే మూతే.

సగం నిజం. నేనూ ముందు మూతే చూస్తాను. రబ్బరు రింగు పగిలిందా, మూత కూర్చునే అంచు మీద తుప్పు గానీ మట్టి గానీ ఉందా, తిప్పితే టక్‌మని శబ్దం వస్తోందా అని. కానీ మూత బిగించగానే లైట్ పోదు. కంప్యూటర్ మళ్ళీ పరీక్ష చేసి, కొన్నిసార్లు వరసగా పాస్ అయితేనే ఆర్పుతుంది. ఆ పరీక్షకి ఇంజిన్ చల్లగా ఉండాలి, ట్యాంకు మరీ నిండుగానూ మరీ ఖాళీగానూ ఉండకూడదు. చాలా బళ్ళలో సుమారు 15 నుంచి 85 శాతం మధ్య ఉండాలి. ఇవన్నీ కుదరడానికి వారం కూడా పట్టొచ్చు. ఈలోపు మూడు మూతలు కొన్నవాళ్ళని చూశాను.

అపోహ: కోడ్ వచ్చిందంటే ఏ పార్ట్ పోయిందో తెలిసిపోయినట్టే.

అసలు డబ్బు పోయేది ఇక్కడే. పి0455 అంటే పెద్ద లీకు. పి0442 అంటే చిన్న లీకు, దాదాపు ఒక మిల్లీమీటర్ రంధ్రమంత. పి0456 అంటే ఇంకా చిన్నది, అర మిల్లీమీటర్. అంటే కోడ్ చెప్పేది రంధ్రం ఎంతుందో. ఎక్కడుందో చెప్పదు.

చికాగో నుంచి ఇక్కడికి మారి వచ్చిన ఒకాయన నా దగ్గరికి వచ్చేసరికే మూత మార్చారు, పర్జ్ వాల్వ్ మార్చారు, ఎవరో చెబితే కొత్త క్యానిస్టర్ కూడా వేయించారు. లైట్ అలాగే ఉంది. నేను పొగ పెట్టాను, అంటే ఆవిరి గొట్టాల్లోకి పొగ పంపి, అది ఎక్కడినుంచి బయటికి వస్తుందో చూశాను. వెనక చక్రం దగ్గర ప్లాస్టిక్ లైనర్ వెనకనుంచి సన్నగా తీగలా పొగ వచ్చింది. లైనర్ విప్పితే పెట్రోల్ పోసే గొట్టం తుప్పు పట్టి, పొరలు పొరలుగా లేచి ఉంది. చికాగోలో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు, బురదతో కలిసి లైనర్ వెనక పేరుకుపోతుంది. టెక్సస్‌లోనే కొని ఇక్కడే నడిపిన బండిలో ఈ తుప్పు అరుదు. అందుకే ఇప్పుడు బండి ముట్టుకునే ముందు "ఇది ఎక్కడినుంచి వచ్చింది?" అని అడుగుతాను.

అపోహ: పొగ పెడితే లీకు తప్పకుండా కనిపిస్తుంది.

వెంట్ వాల్వ్ మామూలుగా తెరిచే ఉంటుంది. స్కానర్‌తో దాన్ని మూయకుండా పొగ పెడితే, పొగంతా అక్కడినుంచే పోతుంది. "ఇదిగో లీకు" అని ఒక మంచి వాల్వ్‌ని మార్చేస్తారు. ఇక పర్జ్ వాల్వ్ సరిగ్గా మూసుకోకపోతే పొగ ఇంజిన్‌లోకి పోతుంది, బయట ఏమీ కనపడదు. దానికి సులువైన పరీక్ష ఉంది: ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆ వాల్వ్ కరెంటు ప్లగ్ పీకేసి, క్యానిస్టర్ వైపు గొట్టం తీసి, వాల్వ్ మూతి మీద వేలు పెట్టండి. వేలిని లాగుతోందంటే వాల్వ్ పోయినట్టే. పెట్రోల్ పోయించిన వెంటనే బండి స్టార్ట్ అవడానికి మొరాయిస్తున్నా ముందు దీన్నే అనుమానించండి.

ఇంట్లో కంప్రెసర్ ఉంది కదా అని గాలి కొట్టకండి. ఈ పరీక్షకి కావలసింది అర పీఎస్ఐ అంత ఒత్తిడి. ఎక్కువ కొడితే ఉన్న లీకుకి ఇంకో రెండు తోడవుతాయి. పైగా అది పెట్రోల్ ట్యాంకు. అందుకే మేము నైట్రోజన్ లాంటి మంట అంటుకోని వాయువుతోనే పొగ పంపిస్తాం.

అపోహ: నాజిల్ ఆగాక ఇంకొంచెం పోయిస్తే లాభం.

మన దగ్గర బంకులో రౌండ్ ఫిగర్ చేయించే అలవాటు ఇక్కడికీ వచ్చింది. 38 డాలర్ల 60 సెంట్లను 40 చెయ్యాలని నొక్కుతూనే ఉంటారు. ఆ ఎక్కువైన పెట్రోల్ ఆవిరి దారిలో పడి క్యానిస్టర్‌లోకి చేరుతుంది. అది ఆవిరి పట్టడానికి చేసిన డబ్బా, ద్రవాన్ని తట్టుకోలేదు. తడిసిన బొగ్గు పలుకులు విరిగి గొట్టాల వెంట వెళ్ళి పర్జ్ వాల్వ్‌లో ఇరుక్కుంటాయి. అప్పుడు రెండూ మార్చాలి. రూపాయిన్నర కోసం కాదు, డాలరున్నర కోసం!

అపోహ: ఈవాప్ కోడ్ అంటే ఎక్కడో చిల్లు పడి ఉండాలి.

దారి మూసుకుపోయినా కోడ్ వస్తుంది. వెంట్ గొట్టంలో సాలెపురుగులు గూళ్ళు కడతాయి. నవ్వకండి, 2011లో మాజ్దా కంపెనీ ఈ కారణంగానే మాజ్దా 6 కార్లను వెనక్కి పిలిపించింది, 2014లో మళ్ళీ పిలిచింది. గాలి అందక ట్యాంకు లోపలికి లాక్కుపోయి పగిలే ప్రమాదం ఉందని. బంకులో నాజిల్ మాటిమాటికీ టక్కుమని ఆగిపోతుంటే పంపుని తిట్టేముందు వెంట్ దారి చూడండి.

అపోహ: రిజిస్ట్రేషన్ కోసం చేసే ఎమిషన్ (కాలుష్య) టెస్ట్ ముందురోజు కోడ్ చెరిపేస్తే చాలు.

2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో మామూలు కార్లకు సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు. డల్లాస్, కాలిన్, డెంటన్, టారంట్ కౌంటీల్లో ఎమిషన్ టెస్ట్ మాత్రం అలాగే ఉంది. కోడ్ చెరిపినా, బ్యాటరీ తీగ పీకినా కంప్యూటర్‌లోని మానిటర్లన్నీ (బండి తనకు తాను చేసుకునే పరీక్షలు) సున్నా నుంచి మొదలవుతాయి. 2001 నుంచి వచ్చిన బళ్ళకి పూర్తికాని మానిటర్ ఒక్కటే ఉండొచ్చు. ఈవాప్ అన్నిటికంటే ఆలస్యంగా పూర్తవుతుంది కాబట్టి, అదొక్కటే మిగిలితే పాసవుతారు కూడా. ఈ కిటుకు అందరికీ తెలుసు, నేను దాచను. కాకపోతే లీకు అలాగే ఉంది కాబట్టి లైట్ మళ్ళీ వస్తుంది.

అపోహ: ఆపేసిన కారులోంచి అర్ధరాత్రి శబ్దం వస్తే షార్ట్ సర్క్యూటే.

టయోటా లాంటి కొన్ని బళ్ళలో ఇంజిన్ ఆపిన సుమారు 5 గంటలకి ఒక చిన్న పంపు తిరిగి లీకు పరీక్ష చేస్తుంది. గరాజ్‌లో వినిపించే బుర్రుమనే చప్పుడు అదే. టెన్షన్ పడి బ్యాటరీ పీకకండి.

ఇక అందరూ అడిగేది: "రేపు హ్యూస్టన్ వెళ్ళాలి, వెళ్ళొచ్చా?" లైట్ నిలకడగా వెలుగుతూ, కోడ్ ఈవాప్‌దే అయితే వెళ్ళొచ్చు, మైలేజీలో తేడా కూడా తెలియదు. లైట్ ఆరుతూ వెలుగుతూ ఉంటే అది ఈవాప్ కాదు, మిస్‌ఫైర్, అంటే ఇంజిన్‌లో పెట్రోల్ సరిగ్గా మండడం లేదు. బండి పక్కకి ఆపండి. పెట్రోల్ వాసన గట్టిగా వస్తున్నా, కారు కింద తడి కనిపించినా స్టార్ట్ చేయకుండా టో ట్రక్ పిలవండి.