వేరే గ్రహాల్లో జీవం ఉంటే మన విశ్వాసం కూలిపోతుందా? అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని రాయగడ, గుణుపూర్ వైపు తెలుగు లూథరన్ సంఘాల్లో నేను పాస్టర్‌ని. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 దిగాక యూత్ మీటింగుల్లో ఈ ప్రశ్నలు ఎక్కువయ్యాయి. "అయ్యగారూ, అక్కడ కూడా ఎవరైనా ఉంటే?" అని సగం తెలుగులో, సగం ఒడియాలో అడుగుతారు. పెద్దవాళ్లు "అలాంటివి అడక్కూడదు" అని ఆపేస్తారు. ఆపకూడదు. ఇక్కడ జవాబు దొరకని పిల్లలు వాట్సాప్‌లో వెతుక్కుంటారు.

అపోహ: బైబిల్లో లేదు కాబట్టి వేరే చోట జీవం ఉండదు.

బైబిల్ ఉందనీ చెప్పదు, లేదనీ చెప్పదు. యోబు 38వ అధ్యాయంలో, మనిషే లేని ఎడారిలో వాన కురిపించేది ఎవరని దేవుడు యోబును అడుగుతాడు. మన కంటికి కనబడని చోట కూడా ఆయన పని జరుగుతోందని ఒప్పుకోవడానికి మనకు ఇబ్బంది దేనికి?

అపోహ: చర్చి మొదటి నుంచీ ఈ ఆలోచనకు శత్రువు.

1277లో పారిస్ బిషప్ ఎతియెన్ తాంపియె, దేవుడు అనేక లోకాలను చేయలేడనే బోధనే ఖండించాడు. వేరే నక్షత్రాల్లో జీవులు ఉండవచ్చని 1440లో రాసిన కూసా నికోలస్‌ను ఆ తర్వాత కార్డినల్ చేశారు. అనేక లోకాలున్నాయన్న ఇటలీ తత్వవేత్త బ్రూనోను 1600లో సజీవ దహనం చేయడం ఘోరమే. అయితే ఆయనపై మోపిన నేరాల్లో అనేక లోకాల మాటతో పాటు త్రిత్వాన్ని, క్రీస్తు దైవత్వాన్ని కాదన్నాడన్నవీ ఉన్నాయి.

అపోహ: అక్కడ ఎవరైనా ఉంటే క్రీస్తు ప్రతి గ్రహంలోనూ మళ్లీ చనిపోవాలి.

అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇదే. మా లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ సహచరుడు మెలాంక్థన్ సరిగ్గా ఈ కారణంతోనే 1549లో అనేక లోకాలను కాదన్నాడు. క్రీస్తు ఒక్కడే, ఆయన మరణం ఒక్కసారే అన్నది మెలాంక్థన్ వాదన. ఆ మాట నేనూ నమ్ముతాను. కానీ దాని నుంచి "కాబట్టి అక్కడ ఎవరూ లేరు" అని తేలదు. మెలాంక్థనే ముఖ్యంగా రాసిన, లూథరన్ల మూల విశ్వాస ప్రకటన అయిన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణంలో ఈ ఊసే లేదు, కాబట్టి అది మా సంఘం నమ్మి తీరాల్సిన సంగతి కాదు. కొలొస్సయి 1వ అధ్యాయం, భూమి మీదివైనా పరలోకంలోనివైనా సమస్తాన్నీ దేవుడు సిలువ ద్వారా సమాధానపరచుకున్నాడని చెబుతుంది. ఆ ఒక్క సిలువ విస్తృతికి మనం హద్దు గీయలేం. పైగా అక్కడ ఎవరైనా ఉన్నా వాళ్లు ఆదాము సంతతి కారు. అసలు పాపంలో పడ్డారో లేదో కూడా మనకు తెలియదు. శాస్త్రవేత్తలు ఎక్కువగా వెతుకుతున్నది సూక్ష్మజీవుల కోసం. అవి దొరికితే రక్షణ ప్రశ్నే రాదు, మన పొలంలో గడ్డికి రానట్టే.

అపోహ: బైబిల్లో యెహెజ్కేలు ప్రవక్త దర్శనంలో చూసిన చక్రాలు ఏలియన్ల వాహనం.

ఇలా చెప్పే వీడియో ఒకటి మా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. యెహెజ్కేలు గ్రంథం 1వ అధ్యాయం చివరిదాకా చదివితే చాలు, తాను చూసింది యెహోవా మహిమ అని ఆ ప్రవక్తే చెబుతాడు. ఆ చక్రాల పక్కన కనిపించిన జీవులు కెరూబులని, అంటే దేవదూతలని, 10వ అధ్యాయంలో ఉంది.

అపోహ: జీవం దొరికేసింది, దాచిపెడుతున్నారు.

ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు 6000కు పైగా ఖరారయ్యాయి, కానీ వాటిలో దేనిమీదా జీవం ఉన్నట్టు ఖరారు కాలేదు. 2025 ఏప్రిల్‌లో కె2-18బి గ్రహం మీద, భూమిపై సముద్రపు సూక్ష్మజీవులు విడుదల చేసే వాయువు జాడ కనిపించి ఉండొచ్చని ఒక బృందం ప్రకటించింది. మిగతా శాస్త్రవేత్తలు దాన్ని బహిరంగంగానే ప్రశ్నించారు, అది ఖరారు కాలేదు.