చేతిరాత అసెంబ్లీ ఇంకా ఎక్కడ గెలుస్తోంది?

1957లో ఐబీఎం 704 కంప్యూటర్‌కు ఫోర్‌ట్రాన్ భాష కంపైలర్ (మనిషి రాసిన ప్రోగ్రామ్‌ను యంత్రానికిచ్చే ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్) వచ్చినప్పుడు ప్రోగ్రామర్లు దాన్ని ఓ పట్టాన నమ్మలేదు. యంత్రానికిచ్చే ఆదేశాలను ఒక్కొక్కటిగా చేత్తో రాసి, అంటే అసెంబ్లీ భాషలో రాసి, అలవాటైనవాళ్లు మరి. కంపైలర్ ఇచ్చే కోడ్ చేతిరాత కోడ్‌లో సగం వేగంతోనే నడిస్తే ఎవరూ దాన్ని ముట్టుకోరని బృందం నాయకుడు జాన్ బ్యాకస్‌కూ టెన్షనే. అందుకే భాషను తీర్చిదిద్దడం కన్నా కోడ్ వేగం మీదే వాళ్లు ఎక్కువ కష్టపడ్డారు.

ఈనాటి కంపైలర్ల తెలివి చూడాలంటే 10తో భాగహారం చాలు. ధన పూర్ణసంఖ్యను, అదీ 32 బిట్లలో (0, 1 అంకెలలో) ఉన్నదాన్ని, 10తో భాగించమని రాయండి. కంపైలర్ భాగించదు! దాన్ని 343,59,73,837తో గుణించి, ఫలితాన్ని 35 బిట్లు కుడికి జరుపుతుంది, అంటే 2^35తో భాగించి శేషం వదిలేసినట్టే. ప్రతిసారీ సరైన జవాబే వస్తుంది. పాత ప్రాసెసర్లలో భాగహారానికి ఇరవైకి పైగా సైకిళ్లు (ప్రాసెసర్ గడియారపు టిక్కులు) పట్టేవి, గుణకారానికి మూడో నాలుగో. ఇలాంటి కిటుకులను వేల లైన్లలో విసుగు లేకుండా వాడటం మనిషి వల్ల కాదు.

మరి మనిషి గెలిచేది ఎక్కడ? కంపైలర్‌కు ఒక కట్టుబాటుంది: వేగం కోసం ఫలితం మారకూడదు. దశాంశ సంఖ్యల పెద్ద జాబితాను కూడాలనుకోండి. ఎనిమిదేసి చొప్పున ఒకేసారి కూడే ఆదేశాలు ప్రాసెసర్‌లో ఉన్నాయి. కానీ అలా చేస్తే కూడే వరుస మారుతుంది. కంప్యూటర్ ఒక సంఖ్యలో దాచుకునే అంకెలకు పరిమితి ఉంటుంది కాబట్టి, వరుస మారితే జవాబూ మారవచ్చు. 10^20, −10^20, 1 ఈ వరుసలో కూడితే 1 వస్తుంది. చివరి రెండూ ముందు కూడితే ఆ 1 కాస్తా మాయమై సున్నా మిగులుతుంది. తన డేటాలో అలాంటి సంఖ్యలు రావని రాసేవాడికి తెలుసు. కంపైలర్‌కు తెలియదు, మనం అనుమతిస్తే తప్ప ఊహించుకోకూడదు కూడా. నా దృష్టిలో ఇది తెలివిలో తేడా కాదు, సమాచారంలో తేడా.

వీడియోల విషయంలో మాత్రం చేతిరాతకు ఇప్పటికీ గిరాకీ ఉంది. ఏవీ1 అనే పద్ధతిలో కుదించిన వీడియోలను విప్పే డేవిడ్ (dav1d) అనే ప్రోగ్రామ్‌లో సీ భాష కోడ్ కన్నా అసెంబ్లీ లైన్లే ఎక్కువ. ఇంటెల్ తరహా చిప్‌లకు ఒకటి, ఆర్మ్ చిప్‌లకు ఇంకొకటి రాసుకోవాలి, అదో తలనొప్పి. అయినా సీ రూపాన్ని తీసెయ్యలేదు. అసెంబ్లీ రూపం ఫలితాన్నీ వేగాన్నీ దానితోనే పోల్చి పరీక్షిస్తారు.